కూర్మయ్య కాలు చెప్పిన అబద్ధం

రమణబాబు మూడోసారి వచ్చేసరికి కూర్మయ్యకు చిరాకు ముంచుకొచ్చింది. గురువారం ఒకసారి, శనివారం ఒకసారి, మళ్ళీ ఇవాళ సోమవారం. అదే తెల్ల వ్యాను, అదే ఫిర్యాదు.

"పెడలు కిందకెల్లిపోతంది మావా."

"ఎప్పుడెల్లిపోతంది?"

"బ్రిడ్జి లేసినప్పుడు."

కూర్మయ్య పానా కింద పెట్టాడు. "బ్రిడ్జి లేస్తే నీ పెడలెందుకు దిగుతాదిరా? ఆ ఓడ కేప్టెనేటన్నా వొచ్చి తొక్కుతన్నాడా?"

"నవ్వులు కాదు మావా. తిన్నగా రోడ్డు మీదెల్తంటే బాగానే ఉంటాది. ఆగి కాలెట్టుకోని కూకున్నామా, మెల్లగా, బురదలో దిగినట్టు దిగిపోతాది. ఇయ్యాల పొద్దున్న ముందున్న లారీకీ నాకూ బెత్తెడు లేదు. హేండ్ బ్రేకు లాగేను గాబట్టి సరిపోయింది. ఎనక ఎనిమిది మంది గుంటలు."

గార్డెన్ రీచ్‌లో ఉండేవాళ్ళు ఖిదిర్‌పూర్ వైపు వెళ్ళాలంటే ఓడలు లోపలికొచ్చే డాకు మీది వంతెన దాటాలి. ఓడ వచ్చిందంటే వంతెన పైకి లేస్తుంది. ఓడ తన తీరికలో తను లోపలికి పోయేదాకా బస్సులు, ఆటోలు, లారీలు, బడి పిల్లలు, పురిటి నొప్పుల వాళ్ళు అందరూ ఆగాల్సిందే. రమణబాబు రోజూ పొద్దున్నే ఎనిమిది మంది తెలుగు పిల్లల్ని ఎక్కించుకుని భవానీపూర్‌లోని బడికి తీసుకెళ్తాడు. పన్నెండుకి బడి వదిలితే వెనక్కి తెస్తాడు. మధ్యలో దొరికే రెండు మూడు గంటలే అతనికి బండి బాగు చేయించుకునే వేళ.

కూర్మయ్యకు యాభై నాలుగేళ్ళు. తాత సోంపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి ఈ బెంగాలీ నగరపు ఓడరేవు జెట్టీల్లో మూటలు మోశాడు. తండ్రి పోర్టు లారీల షెడ్డులో మెకానిక్కు. కూర్మయ్య ఆ షెడ్డు నేల మీద పాక్కుంటూ పెరిగి, ముప్పై ఏళ్ళ కిందట పాత గోడకు ఆనించి ఒక రేకుల కొట్టం వేసుకున్నాడు. అన్ని పనులూ చేస్తాడు గానీ పేరు మాత్రం బ్రేకులకే వచ్చింది. మెటియాబ్రుజ్ దర్జీలు, బెంగాలీ డ్రైవర్లు అతన్ని "బ్రేక్ దాదా" అంటారు, బ్రేకుల అన్నయ్య అని. ఏ మీటరూ పెట్టడు. సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, పెడల్ మీద కాలు పెట్టి చెప్పేస్తాడు. ఎడమ చక్రంలో గాలి ఉందనీ, వెనక లైనర్లు అరిగాయనీ చెప్పేస్తే, విప్పి చూసినవాడు నోరు తెరవాల్సిందే. జనానికి ఇలాంటి ముచ్చట అంటే మహా ఇష్టం. పెద్ద వర్క్‌షాపులో కంప్యూటరు కాగితం చేతికిచ్చినా నమ్మరు, మసి పట్టిన మనిషి కళ్ళు మూసుకుంటే నమ్ముతారు. ముప్పై ఏళ్ళు అలా నమ్మించుకున్న మనిషికి తన కాలు మీద తనకే భక్తి పుడుతుంది. కూర్మయ్యకూ పుట్టింది.

ఆ భక్తి వెనకాల ఒక భయం ఉండేది. ఎవరికీ చెప్పేవాడు కాదు. ఇంజను ఆగితే మనిషికి ఆలస్యమే అవుతుంది. బ్రేకు పోతే అంతకంటే పెద్దదే జరుగుతుంది. ఇంట్లో అన్నం తింటున్నా, వీధిలో ఏదో బండి టైరు కీచుమంటే అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. తను వదిలిన బండి కాదు కదా అని ఒక్క క్షణం లెక్కపెట్టుకునేవాడు. కాదని తేలాకే ముద్ద నోట్లోకి పోయేది.

గురువారం నాడు అతను చెయ్యాల్సిందంతా చేశాడు. నాలుగు చక్రాల లోపలి వైపూ చూశాడు, చెమ్మ లేదు. పైపులు తడిమాడు, ఎక్కడా కారడం లేదు. పైన బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం సరిగానే ఉంది. మూత కింది రబ్బరు మాత్రం ఉబ్బి ఒక పట్టాన కూర్చోలేదు. పాతబడిందిలే అనుకుని బొటనవేలితో అదిమి బిగించాడు. ఆయిల్ కారడం లేదు, పెడల్ దిగుతోందంటే లోపల గాలి చేరి ఉంటుంది. రమణబాబును సీట్లో కూర్చోబెట్టి తొక్కించి, ఒక్కో చక్రం దగ్గరా స్క్రూ వదులు చేసి, గాలీ పాత ఆయిలూ సీసాలోకి తీసేశాడు. తరవాత తనే ఎక్కి కాలు పెట్టాడు. పెడల్ రాయిలా నిలిచింది.

శనివారం రమణబాబుతో పాటు జ్యోతిరాణి కూడా వచ్చింది. ఆమె భవానీపూర్‌లో ఒక బ్యాంకులో ఆఫీసరు. రాజమండ్రి నుంచి బదిలీ మీద వచ్చి రెండేళ్ళయింది. ఇద్దరు పిల్లలూ ఆ వ్యానులోనే వెళ్తారు. పిల్లల తల్లిదండ్రులందరి తరఫునా మాట్లాడేది ఆమే. డ్రైవరు బండి నడుపుతున్నంతసేపూ ఫోను డాష్‌బోర్డు పెట్టెలో పడేసి ఉంచాలన్న నియమం పెట్టిందీ ఆమే.

"కూర్మయ్యగారూ, పిల్లలు ఇంటికొచ్చి చెప్తున్నారు. బండి ఆగాక కూడా ముందుకి జారుతోందట. నిజమేనా?" అంది.

కూర్మయ్య ఆమె ఎదురుగానే సీటెక్కి కళ్ళు మూసుకున్నాడు. టక్, టక్. ఆ తరవాత నొక్కి పట్టాడు. రాయి.

"పంపించండమ్మా. పూచీ నాది."

ఆ మాట అంటున్నప్పుడు అతనికి లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఇవాళ మళ్ళీ వచ్చేసరికి ఆ గర్వానికే దెబ్బ తగిలినట్టయింది. ఇంకోసారి గాలి తీశాడు. ఈసారి కూడా గాలి పెద్దగా రాలేదు. వచ్చిందంతా ఆయిలే. ఎక్కి కాలు పెట్టాడు. టక్, టక్, నొక్కు. రాయి.

"ఏటీ నేదురా. నీ కాల్లోనే ఉంది బెదురు. ఎల్లు, పదకొండుంపావయింది, గుంటలు గేటుకాడ నిల్చుంటారు."

"మరి పొద్దున్న—"

"మరీ లేదు, గిరీ లేదు. ముప్పయ్యేళ్ళబట్టి తొక్కుతన్నాను. నువ్వు నాకు సెప్తావేట్రా?"

రమణబాబు వెళ్ళిపోయాడు. మావ అంతలా చెప్పాక ఎదురాడే మనిషి కాదతను.

కూర్మయ్య చేతులు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి వెళ్ళాడు. గురువారం గ్రీజంటితే సబ్బుతో కడుక్కున్నాడు, ఇవాళ సబ్బు తీసుకెళ్ళలేదు. గ్రీజు ముట్టలేదు, ఒక్క బ్రేకు ఆయిలే అంటింది, దానికి వట్టి నీళ్ళు చాలు. బ్రేకు ఆయిల్ స్వభావమే అంత, నీళ్ళు తగిలితే కరిగిపోతుంది. ముప్పై ఏళ్ళుగా అలాగే కడుక్కుంటున్నాడు. ఇవాళ పోలేదు. నీళ్ళు చేతి మీద చుక్కలు చుక్కలుగా నిలబడి జారిపోతున్నాయి. మళ్ళీ రుద్దాడు. జిడ్డు. ఇంకోసారి రుద్దాడు. వంటింట్లో ఆముదం ఒలికిన చేతిలా, అదే జిడ్డు.

అతను చేతుల వంక చూస్తూ నిలబడిపోయాడు. వెనక బిందె పట్టుకుని వరసలో ఉన్న ఆవిడ "దాదా, హోలో?" అని అడిగింది, అయిందా అని. వినిపించుకోలేదు.

కొట్టంలోకి పరుగెత్తాడు. టీ తాగే గాజుగ్లాసులో నీళ్ళు పోసి, సీసాలో తీసిన ఆయిల్ నాలుగు చుక్కలు వేశాడు. బ్రేకు ఆయిలయితే అడుక్కి దిగి నీళ్ళలో కలిసిపోవాలి. ఇది పైకి తేలింది. తేలి, పల్చగా పరుచుకుని, ఎండలో రంగురంగులుగా మెరిసింది.

అంతే, ఒకదాని తరవాత ఒకటి వచ్చి మీద పడ్డాయి. మూత కింద ఉబ్బిన రబ్బరు. వేరే ఆయిల్ తగిలితేనే ఆ రబ్బరు అలా ఉబ్బుతుంది. పైన మూత రబ్బరు ఉబ్బిందంటే లోపల, పెడల్ తొక్కితే ఆయిల్ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండర్లో రబ్బర్లు ఎలా ఉంటాయి? మెత్తబడి, అంచులు వాలిపోయి, తొక్కిన ఆయిల్‌ని పట్టి నిలపలేక వెనక్కి జారనిస్తుంటాయి. బయటికి చుక్క కారదు. డబ్బాలో మట్టం తగ్గదు. పెడల్ మాత్రం దిగిపోతుంది.

మరి తన కాలికి ఎందుకు తెలియలేదు?

కూర్చోకుండానే, నిలబడే, కుడికాలు నేలమీద ఆడించి చూసుకున్నాడు. టక్, టక్, నొక్కు. నాన్న నేర్పిన తొక్కుడు అది. పోర్టు షెడ్డులో ఆ పాత లారీలకి రెండు తన్నులు తన్నకపోతే బ్రేకే దొరికేది కాదు. ఆ రెండు తన్నులూ కాలికి ఎంతగా అలవాటయ్యాయంటే, తను తంతున్నట్టు తనకే తెలియదు. గట్టిగా తన్నితే దెబ్బతిన్న రబ్బరు కూడా ఒక్కసారి విచ్చుకుని పట్టుకుంటుంది. మెల్లగా కాలు ఆనించి ఉంచితేనే జారుతుంది. వంతెన దగ్గర రమణబాబు చేసింది అదే. మూడుసార్లు చెప్పాడు. బురదలో దిగినట్టు అని కూడా చెప్పాడు.

ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఫోను డాష్‌బోర్డు పెట్టెలో ఉంటుంది. నియమం అంటే నియమం.

చొక్కా గుండీలు పెట్టుకుంటూనే రోడ్డు మీదికొచ్చి ఖిదిర్‌పూర్ ఆటో ఎక్కాడు. పదకొండు ముప్పై అయిదు. పన్నెండుకి బడి వదులుతారు. పిల్లలు ఎక్కడానికి పది నిమిషాలు. ఈలోపు చేరుకోవచ్చు. ఆటోవాడు ప్రతి సందు దగ్గరా ఆపి జనాన్ని ఎక్కిస్తున్నాడు. "చలో భాయ్, చలో" అని కూర్మయ్య రెండుసార్లు అరిచాడు. "మీకొక్కరికేనా పని?" అన్నాడు ఆటోవాడు హిందీలో.

మలుపు తిరిగేసరికి ముందు బళ్ళన్నీ ఆగి ఉన్నాయి. ఇంజన్లు కట్టేసి డ్రైవర్లు కిందికి దిగి ఖైనీ నలుపుతున్నారు. వంతెన లేచింది.

కూర్మయ్య ఆటో దిగి, బళ్ళ మధ్య నుంచి తోసుకుంటూ వంతెన ముందు వేసిన గేటుదాకా వెళ్ళాడు. ఎదురుగా వంతెన పలక ఆకాశంలోకి నిలబడి ఉంది. కింద ఓడ ఇంకా కనిపించనే లేదు, దాన్ని లాక్కొచ్చే టగ్గు పడవ ఒక్కటే వచ్చింది. ఈ లెక్కన అరగంట. రమణబాబు ఎప్పుడో అవతలికి దాటేసి ఉంటాడు. పన్నెండుకి పిల్లలు ఎక్కుతారు. వచ్చే దారిలో ఆలీపూర్ వైపు సిగ్నళ్ళు, దాటే మనుషులు. ఎక్కడో ఒకచోట వాడు మెల్లగా కాలు ఆనిస్తాడు.

మళ్ళీ ఫోను చేశాడు. ఎత్తలేదు.

జ్యోతిరాణి నంబరు ఉంది. శనివారం ఆమే ఇచ్చింది. ఆమె బ్యాంకు నుంచి బడి పది నిమిషాల నడక. చెయ్యాల్సింది ఎదురుగానే కనిపిస్తోంది. కానీ వేలు కదల్లేదు. ఏమని చెప్పాలి? పూచీ నాదని చెప్పి రెండు రోజులు కాలేదు. ఆమెకి చెప్పడమంటే ఎనిమిది ఇళ్ళకీ చెప్పడం, సాయంత్రానికి గార్డెన్ రీచ్ అంతటికీ చెప్పడం. ఇంకోసారి రమణకే చేస్తే? బడి దగ్గర ఆగాక ఒకవేళ పెట్టె తెరిస్తే? ఒక నిమిషం గడిచింది. అతను ఆ నిమిషాన్ని తరవాత చాలా రోజులు క్షమించుకోలేకపోయాడు. ఎనిమిది మంది పిల్లలు ఒక పక్కా, తన పేరు ఒక పక్కా పెట్టుకుని, వంతెన గేటు పట్టుకుని తూకం వేసిన నిమిషం అది.

నంబరు నొక్కాడు.

"అమ్మా, నాను కూర్మయ్యని. బ్రేకుల కూర్మయ్యని. ఆ వ్యాను కదలనియ్యకండి. బ్రేకు నేదు దానికి. ఎల్లండి, మీరెల్లండి, నానిక్కడ బ్రిడ్జి కాడ సిక్కుపడిపోనాను."

"అదేంటి? మీరే కదా—"

"నానే. నానే సెప్పేను. తప్పు సెప్పేను. మీరు ముందు ఎల్లండమ్మా."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. ఫోను తెగిపోయింది.

ఓడ వచ్చింది. ఎంత నిదానంగా వచ్చిందంటే, దాని పొట్ట మీది తుప్పు మరకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. పైన రెయిలింగు దగ్గర ఒకడు తీరిగ్గా బట్టలు ఆరేసుకుంటున్నాడు. కూర్మయ్య ఫోను చేతిలోనే పట్టుకున్నాడు. ఆమె తిరిగి చెయ్యలేదు. తను చేద్దామంటే భయం, చేస్తే ఏం వినాలో అని. వెనక ఎక్కడో టైరు కీచుమంది. ఆగి ఉన్న బళ్ళలో టైరు కీచుమనడమేమిటని కూడా ఆలోచించకుండా ఉలిక్కిపడ్డాడు.

వంతెన దిగాక నడుస్తూ దాటి, అవతల బస్సు పట్టుకుని, భవానీపూర్ చేరేసరికి పన్నెండున్నర దాటింది. బడి గేటు పక్కన వ్యాను నిలబడి ఉంది. వెనక చక్రం కింద ఎవరో ఇటుక పెట్టారు. ఎనిమిది మంది పిల్లలూ ఫుట్‌పాత్ మీద వరసగా కూర్చుని పల్లీలు తింటున్నారు. కూర్మయ్య దూరం నుంచే తలలు లెక్కపెట్టాడు. సరిపోయింది. మళ్ళీ లెక్కపెట్టాడు.

"ఇదేటి మావా, గంట కిందట ఏటీ నేదన్నావు, ఇప్పుడు మేడమ్‌గారొచ్చి బండికి అడ్డంగా నిలబడ్డారు!" అన్నాడు రమణబాబు.

జ్యోతిరాణి మెడలో బ్యాంకు కార్డు అలాగే ఉంది. చెప్పు తెగినట్టుంది, ఒక కాలికే ఉంది.

కూర్మయ్య సీటెక్కి ఇంజను వేశాడు. కళ్ళు మూసుకోలేదు. తన్నబోయిన కాలిని పట్టి ఆపుకున్నాడు. మెల్లగా ఆనించాడు, నిద్రపోతున్న బిడ్డ మీద చెయ్యి వేసినట్టు. పెడల్ మొదట నిలబడింది. తరవాత దిగింది. దిగి, దిగి, అడుగున రేకుకి తాకింది.

"రమణా, ఈ డబ్బాలో ఏటి పోసేవురా?"

రమణబాబు తలకాయ గోక్కున్నాడు. "రొండు నెల్ల కిందట కొంచిం తగ్గితే పోసేను. కొట్లో సరుకు కాదు మావా, అసలుది. మా నాన్న క్రేన్ ఆయిలు."

"క్రేన్ ఆయిలా!"

"ఇరవై టన్నులు మోసే క్రేనుని ఆపుతాది. ఎనిమిది మంది గుంటల్ని ఆపనేదేటి?"

కూర్మయ్యకు తిట్టు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. రమణ తండ్రి జెట్టీలో క్రేన్ నడిపి రిటైరయినవాడు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఆయిల్ డబ్బా వాళ్ళింట్లో మంచం కింద ఉంటుంది. తలుపు బందులకి అదే, కుట్టు మిషనుకి అదే, ముసలమ్మ మోకాళ్ళకి కూడా అదే. గార్డెన్ రీచ్ తెలుగువాళ్ళలో పోర్టు నుంచి వచ్చిందంటే మేకు కూడా బంగారమే, కొట్లో దొరికేదంతా నాసిరకమే. కూర్మయ్య ఇంట్లోనూ అలాంటి డబ్బా ఒకటి ఉంది. వేరే ఎవరి బండి అయినా మొదట 'ఏం ఆయిల్ పోశారు' అనే అడిగేవాడు. వీడు మనవాడు కదా అని అడగలేదు.

"తప్పు ఆడిది కాదమ్మా," అన్నాడు జ్యోతిరాణితో. "తెలీక పోసేడు. మూడుసార్లు నా దగ్గిరికొచ్చి సెప్పేడు కూడాను. నానే ఇనుకోనేదు. అందరికీ అలాగే సెప్పండి."

"చెప్తాను," అంది ఆమె. "మీరు అడగకపోయినా చెప్పేదాన్నే."

పిల్లల్ని రెండు టాక్సీల్లో పంపింది. వ్యానుని తాడు కట్టి లాక్కెళ్ళారు.

రెండు రోజులు కూర్మయ్య వేరే బండి ముట్టుకోలేదు. మాస్టర్ సిలిండర్ విప్పితే లోపలి రబ్బర్లు రాత్రంతా నానేసిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. గోటితో నొక్కితే గుంట పడింది. మల్లిక్ బజార్‌ నుంచి కొత్త సిలిండర్ తెచ్చాడు. అది మార్చి ఊరుకోవడానికి లేదు. ఆ ఆయిల్ ఎంత దూరం పోయిందో అంత దూరమూ రబ్బరు చెడినట్టే. నాలుగు చక్రాల దగ్గరి రబ్బర్లూ, మెత్తటి గొట్టాలూ అన్నీ పీకేశాడు. ఇనుప పైపులు స్పిరిటుతో మూడుసార్లు కడిగాడు. కడిగిన స్పిరిటుని ప్రతిసారీ గ్లాసు నీళ్ళలో వేసి చూశాడు. తేలే చుక్క లేకుండా పోయాకే కొత్త ఆయిల్ పోశాడు.

గాలి తీశాక రమణబాబును సీట్లో కూర్చోమన్నాడు.

"నువ్వెక్కవేటి మావా?"

"నా కాలు పని సెయ్యదు. నువ్వు తొక్కు. తన్నకు, ఆనించు."

బుధవారం సాయంత్రం జ్యోతిరాణి వచ్చింది. ఎనిమిదిళ్ళలో మూడిళ్ళవాళ్ళు వేరే బండి చూసుకున్నారని ముందే చెప్పేసింది. తన సంగతి ఇంకా తేల్చుకోలేదంది. కూర్మయ్య చేసిన పనంతా చెప్పబోయాడు. ఆమె మధ్యలోనే ఆపింది.

"మీరు చెప్పేది వినడానికి రాలేదు. నేను తొక్కి చూస్తాను."

"మీకు బండి తోలడం వొచ్చా అమ్మా?"

"రాదు. కాలు ఉంది కదా."

రమణబాబు కిసుక్కుమన్నాడు. కూర్మయ్య చూసిన చూపుకి నోరు మూసుకున్నాడు.

ఆమె చెప్పులు విడిచి ఎక్కింది. కూర్మయ్య ఇంజను వేసి, ఏది పెడలో చూపించి, మెల్లగా ఆనించి ఉంచమని చెప్పాడు. ఉంచింది. వీధిలో ఆటోలు పోతున్నాయి. ఒక నిమిషం అయింది, రెండయ్యాయి. అతను కిటికీ పక్కన నిలబడి ఆమె పాదాన్నే చూస్తున్నాడు. ఆ పాదం ఒక్క వెంట్రుకవాసి దిగితే తనిక ఈ కొట్టం మూసెయ్యాలని అప్పటికే అనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు. అయిదు నిమిషాలు.

"చాలమ్మా, లేవండి. కాలు పీకుతాది."

"పీకుతోంది," అంది ఆమె, తియ్యకుండా. చెమట చెంపల మీదికి జారింది. ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉంచి, అప్పుడు వదిలింది. దిగి చెప్పులు వేసుకుంది.

"రేపు పంపుతాను," అంది చివరికి. "రేపొక్కరోజే. ఎల్లుండి మళ్ళీ వచ్చి తొక్కి చూస్తాను."

"అలాగేనమ్మా," అన్నాడు కూర్మయ్య. "ఎల్లుండీ రండి. రోజూ రండి."